మెర్వ్ పాస్కో శనివారాలు

శనివారం పొద్దున మెర్వ్ పాస్కో వంటింట్లో నిలబడి కాల్చిన రొట్టెకి వెన్న రాసుకుంటుంటే వీధి చివర మోటారుసైకిల్ చప్పుడు వినబడింది. అది తన బండే. అంటే, మొన్నటిదాకా తనది. ఏళ్ళ తరబడి నడిపిన బండి చప్పుడు ఇంట్లో మనిషి దగ్గులాంటిది, ఎంతమందిలో ఉన్నా ఇట్టే తెలిసిపోతుంది. కానీ ఇవాళ ఆ గొంతు తేడాగా ఉంది. ఇంజన్ చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది, బండి మాత్రం నత్తలా వస్తోంది.

అమ్మేసిన బండి మళ్ళీ వాకిట్లోకి వస్తోందంటే తగువు వస్తున్నట్టే. కంగారు పడాలి. కానీ మెర్వ్ మనసు ఒక్కసారిగా తేలికపడింది. ఎవరో తన ఇంటికి వస్తున్నారు! కత్తి అక్కడే పడేసి, జుట్టు తడి చేత్తో సర్దుకుని, ఉన్న రెండు స్వెట్టర్లలో మంచిది తొడుక్కుని బయటికి నడిచాడు.

పాత గనుల ఊరు జీహాన్‌లో ఇప్పుడు ఏ రోజైనా ఒకటే. వెడల్పాటి వీధి, దానికి అటూ ఇటూ మూసేసిన అద్దాల తలుపులు, వాటి మీద వాన. మెర్వ్ తగరం గనిలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. తనతో కలిసి షిఫ్టులు చేసినవాళ్ళలో కొందరు ఉత్తరాన సముద్రపు ఊళ్ళకి వెళ్ళిపోయారు, మిగతావాళ్ళు ఊరి శ్మశానంలో ఉన్నారు. భార్య కోరల్ ఈ వాన భరించలేక ఒక చలికాలం క్వీన్స్‌లాండ్‌లో అక్క దగ్గరికి వెళ్ళింది. అక్కడి ఎండ ఒంటికి పట్టింది, అక్కడే ఇంకొకాయన్ని చేసుకుంది. పోట్లాట లేదు, అరుపుల్లేవు. బస్సు దాకా ఆమె పెట్టె మోసింది మెర్వే. ఈ ఏడాది మోకాళ్ళు మొరాయించి బండి అమ్మకానికి పెట్టాడు. చూడ్డానికి వచ్చిన వాళ్ళతో మాట్లాడిన మాటలే ఆ ఏడాది మొత్తంలో అతను మనుషులతో మాట్లాడిన ఎక్కువ మాటలు.

బండి గేటు దగ్గర ఆగింది. బండి కొన్న ఆమె హెల్మెట్ లాగి పెట్రోలు ట్యాంకు మీద దబ్బున పెట్టింది. పేరు రొవీనా డ్రూ, అందరూ రో అంటారు. నలభైకి దగ్గర్లో ఉంటుంది. కొండకవతల క్వీన్స్‌టౌన్‌లో ఒక హోటల్ వంటగదిలో పని.

"ఏం పెద్దాయనా! కన్నబిడ్డలా చూసుకున్నానన్నారే! మీ కన్నబిడ్డ కొండెక్కమంటే కూర్చుని ఏడుస్తోంది!"

"లోపలికి రా అమ్మాయ్, తడిసి ముద్దయ్యావు."

"నా తడి సంగతి తర్వాత. ముందు దీని సంగతి తేల్చండి. పై గేరులో ఎక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ గోల పెడుతుంది, చక్రం మాత్రం కదల్నంటుంది. వెనకొచ్చే దుంగల లారీవాడు హారన్ కొట్టీ కొట్టీ అలిసిపోయి, నన్ను దాటుకుని పోతూ దణ్ణం పెట్టాడు తెలుసా?"

మెర్వ్‌కి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. బండెక్కి వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాడు. ఆమె చెప్పింది నిజమే. క్లచ్ జారుతోంది. దిగి, క్లచ్ పిడి దగ్గర తీగకి కాస్త వదులు ఉందో లేదో చూశాడు. ఉండాల్సినంత ఉంది. తీగ తప్పు కాదు.

"ఇది నా దగ్గర ఎప్పుడూ ఇలా చెయ్యలేదు. ఒట్టు."

"అమ్మేవాళ్ళందరూ చెప్పేది అదే."

"నీకిచ్చే ముందు రోజు కొత్త ఆయిల్ కూడా పోశాను. మామూలుది కూడా కాదు, కొట్టులో ఉన్నవాటిలో ఖరీదైనది."

ఆ మాట నోట్లోంచి వచ్చాక మెర్వ్ ఆగిపోయాడు. ఆయిల్ ఒక్కటే కదా మారింది? లోపలికి వెళ్ళి, బర్నీ పట్నంలో బైకు సామాను కొట్టు నడిపే బెస్విక్‌కి ఫోన్ చేశాడు. రో వంటింటి పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ వింటోంది.

"ఏం గురూ, బతికే ఉన్నావా?" అన్నాడు బెస్విక్. "బండి అమ్మేశావని విన్నా. ఇంక నా కొట్టు మూసుకోవాల్సిందే."

మెర్వ్ సంగతి చెప్పి, ఆయిల్ డబ్బా మీద పేరు చదివాడు. అవతల కాసేపు నవ్వు తప్ప మాట రాలేదు.

"అది కారుకి పోసేది గురూ! కారులో క్లచ్ వేరే గదిలో పొడిగా కూర్చుంటుంది. బైకులో ఇంజనూ క్లచ్చూ ఒకే ఆయిల్లో మునిగి ఉంటాయి. పెట్రోలు కలిసొస్తుందని ఈ కొత్త ఆయిళ్ళలో జారుడు మందు కలుపుతున్నారు. ఇంజన్‌కి అది మంచిదే. క్లచ్ ప్లేట్లకి మాత్రం అరటిపండు తొక్క మీద కాలేసినట్టు."

"ఇన్నేళ్ళూ గని లారీలకి పోసే ఆయిలే పోశాను. ఏమీ కాలేదే."

"అది మోటు సరుకు, అందులో ఈ మందులుండవు. అందుకే సరిపోయింది. నువ్వు ఎక్కువ డబ్బు పోసి మరీ చెడగొట్టుకున్నావు."

మెర్వ్ ఫోన్ పెట్టేసి రో వైపు తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి. "తప్పు నాదే. నీకు మంచి చేద్దామనుకున్నా."

రో అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత ఫక్కున నవ్వింది. "అయితే నా మీద అభిమానంతో పాడుచేశారన్నమాట. మా ఆయన కూడా అచ్చం అంతే. ఆయన్ని వదిలేశాను, మిమ్మల్ని ఏం చెయ్యాలి?"

ఆ రోజు ఆమె రెండు కప్పులు టీ తాగింది. ఒక పూట సెలవు పెట్టి వచ్చాను కదా అని, మెర్వ్ సూపు డబ్బా తెరిచి వేడిచేస్తే అదీ తిన్నది. బర్నీ నుంచి సరైన ఆయిల్ తెచ్చి పెడతానని, వచ్చే శనివారం రమ్మని, అందాకా మెల్లగా నడుపుకోమని చెప్పాడు మెర్వ్. బండి చప్పుడు కొండ వెనక్కి పోయేదాకా గేటు దగ్గరే నిలబడ్డాడు. లోపలికి వచ్చాక బల్ల మీద ఆమె తాగిన కప్పు కనబడింది. దాన్ని వెంటనే కడగలేదు.

మంగళవారం పికప్ బండి తీసుకుని బర్నీ వెళ్ళాడు. బెస్విక్ ఆయిల్ డబ్బాలు రెండు బల్ల మీద పెట్టి, వాటి పక్కనే ఒక అట్టపెట్టె కూడా పెట్టాడు.

"ఇదేంటి?"

"క్లచ్ ప్లేట్లు. ఆయిల్ రెండుసార్లు మారిస్తే ఆ జారుడు కడుక్కుపోవచ్చు. పోకపోనూ వచ్చు. ఆమె అలాగే జారించుకుంటూ తిరిగితే ప్లేట్లు మాడిపోయి ఉంటాయి. ఇవి వేసెయ్ గురూ, దరిద్రం వదిలిపోతుంది. నీకు సగం రోజు పని."

మెర్వ్ అన్నీ కొనుక్కున్నాడు. దారి పొడుగునా శనివారం ఏ ముక్క ముందు విప్పాలో, ఏది ఎక్కడ పెట్టాలో ఆలోచించుకుంటూ వచ్చాడు. ఇంటికొచ్చి షెడ్డు ఊడ్చాడు. పానాలన్నీ కిరసనాయిల్‌తో తుడిచి వరసగా పేర్చాడు. ఆమె కూర్చోడానికి ఇంట్లోంచి కుర్చీ తెచ్చి వేశాడు. అప్పుడు ఆ అట్టపెట్టె చేతిలోకి తీసుకున్నాడు. ఇవి వేసేస్తే సాయంత్రానికి బండి బాగైపోతుంది. రో బండెక్కి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఆమెకి జీహాన్‌లో పనేముంది?

పెట్టెని పై అరలో రంగు డబ్బాల వెనక పెట్టాడు. ముందు ఆయిల్ మార్చి చూద్దాం, అవసరమైతే చూడొచ్చులే అనుకున్నాడు. ఆ మాటలో తప్పేమీ కనబడలేదు.

రెండో శనివారం రో నిమ్మకాయ టార్టు పట్టుకొచ్చింది. హోటల్లో మిగిలిన తీపి వంటకమట. మెర్వ్ పాత ఆయిల్ దింపుతుంటే ఆమె కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుని కబుర్లు మొదలెట్టింది. హోటల్ యజమాని ఉప్పు మీద కూడా లెక్క చూసే మనిషట. పర్యాటకులు చేప ముక్క తెమ్మని, తెచ్చాక చేప వాసన వస్తోందంటారట. మెర్వ్ ఎక్కువ మాట్లాడలేదు. మాట్లాడితే ఆమె ఆపేస్తుందేమోనని భయం.

"మీకెవరూ లేరా పెద్దాయనా?"

"ఉండేవాళ్ళు. వాన భరించలేక వెళ్ళారు."

"వానేం చేసింది పాపం, అన్నిటికీ దాని మీద తోస్తారు ఈ ఊళ్ళో." ఆమె టార్టు కోసి అతని చేతికిచ్చింది. "నా కూతురు హోబార్ట్‌లో వాళ్ళ నాన్న దగ్గరుంటుంది. బ్రయనీ. పదకొండేళ్ళు. వారం విడిచి వారం ఆదివారం నాది. ఇన్నాళ్ళూ బస్సు కుదరక, ఎవరో ఒకరి కారులో బతిమాలుకుని వెళ్ళేదాన్ని. మూడుసార్లు వస్తానని వెళ్ళలేకపోయా. నాలుగోసారి అది ఫోన్‌లో ‘సర్లే అమ్మా’ అంది. ఏడ్చినా బాగుండేది. ఆ ‘సర్లే’ విన్నాకే ఈ బండి కొన్నాను."

పానా చేత్తో పట్టుకునే మెర్వ్ తలెత్తాడు. పై అర వైపు చూశాడు. తర్వాత ఆయిల్ దింపే బోల్టు బిగించి కొత్త ఆయిల్ పోశాడు.

ఆ వారం బండి కాస్త నయంగానే నడిచింది. మూడో శనివారం రెండోసారి ఆయిల్ మార్చాడు. ఈసారి మెర్వే బండెక్కి ఊరి బయటి ఎత్తు దాకా వెళ్ళాడు. చదునులో చక్కగా పట్టింది. ఎత్తు మొదలయ్యాక గట్టిగా తిప్పి చూస్తే, ఒక్క క్షణం ఇంజన్ చప్పుడు ముందుకు ఉరికింది, బండి వెనకబడింది. చిన్న జారుడు. తెలియనివాళ్ళకి తెలిసేది కాదు. మెర్వ్‌కి తెలిసింది. లోపల ప్లేట్లు మాడాయి. ఇది ఆయిల్‌తో పోయేది కాదు.

తిరిగొచ్చేసరికి రో వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. వద్దన్నా వినలేదు. ఆ ఇంట్లో ఇంకో మనిషి గిన్నెలు కడుగుతున్న చప్పుడు విని ఎన్నేళ్ళయిందో. మెర్వ్ గుమ్మంలోనే ఆగి విన్నాడు.

"ఎలా ఉంది?" ఆమె వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"నయం."

"రేపు హోబార్ట్ వెళ్ళొచ్చా మరి? పొద్దున్నే బయల్దేరతా. బ్రయనీకి హాకీ మ్యాచ్ ఉంది, సీజన్‌లో ఆఖరిది. గేటు దగ్గర నిలబడతానంది."

ఇంకా పొద్దు చాలా ఉంది. పెట్టె దించి, మూత విప్పి, ప్లేట్లు మార్చేస్తే సాయంత్రానికి అయిపోతుంది. మెర్వ్ నోరు తెరిచాడు.

"వెళ్ళొచ్చు. మరీ తొందరపెట్టకు దాన్ని. వచ్చే శనివారం ఒక్కసారి తెచ్చావంటే, మళ్ళీ చూస్తా."

"తెస్తా. మీరు డాక్టర్ కన్నా ఎక్కువసార్లు రమ్మంటున్నారు." నవ్వుతూ చేతులు తుడుచుకుంది. "వచ్చేటప్పుడు గొర్రె మాంసం కూరిన రొట్టె చేసుకొస్తా. ఆ డబ్బా సూపు తింటుంటే నాకే జాలేస్తోంది."

ఆమె వెళ్ళాక మెర్వ్ తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. ఒక్క ప్రయాణానికి ఏం కాదు. ఇంకో వారం తట్టుకుంటుంది. అదే మాట ఆ సాయంత్రం ఎన్నిసార్లు అనుకున్నాడో.

ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. హోబార్ట్ రోడ్డులో, అడవి దాటాక వచ్చే ఊళ్ళో హోటల్ నడిపే ఆవిడ.

"మెర్వ్ పాస్కో మీరేనా? ఎర్ర జాకెట్ వేసుకున్న ఒకామె పొద్దుటి నుంచి యారోస్మిత్ కొండ ఎత్తులో బండి ఆగిపోయి నిలబడి ఉందట. అక్కడ సెల్‌ఫోన్ పనిచెయ్యదు. కారవాన్‌లో ఊళ్ళు తిరిగే ముసలివాళ్ళు ఆమె చెప్పిన మీ నంబరు నాకు రాసిచ్చారు. కారులో ఎక్కమన్నా బండిని వదిలి రానందట. కొండ మీద మంచు కలిసిన వాన పడుతోంది, త్వరగా వెళ్ళండి."

మెర్వ్‌కి తాళాలు ఎక్కడున్నాయో గుర్తు రాలేదు. జేబులోనే ఉన్నాయి. పికప్ వెనక ట్రాలీ తగిలించుకుని బయల్దేరాడు. క్వీన్స్‌టౌన్ దాటి, బోడికొండ మలుపులెక్కి, సరస్సు మీద వంతెన దాటి, అడవిలోకి. దారంతా వైపర్ పుల్లలు అద్దం మీద కిర్రుకిర్రుమంటూనే ఉన్నాయి. ఎదురు నుంచి ఒక్క బండి రాలేదు. ఈ దారిలో ఆమె పొద్దుటి నుంచి ఒక్కత్తే నిలబడి ఉందని తలుచుకుని వేగం పెంచాడు.

ఎత్తు సగంలో కనబడింది. రోడ్డు పక్క ఇనుప కమ్మీ మీద కూర్చుని, మోకాళ్ళు చేతుల్లోకి ముడుచుకుని ఉంది. హెల్మెట్ తియ్యలేదు, వెచ్చగా ఉంటుందని కాబోలు. పెదవులు నీలంగా ఉన్నాయి. మెర్వ్ తన కోటు కప్పబోతే వద్దనలేదు. ఇద్దరూ కలిసి బండిని ట్రాలీ మీదికి తోశారు. దాని దగ్గర మాడిన వాసన ఇంకా పోలేదు.

"హోబార్ట్ తీసుకెళ్ళనా? ఇప్పుడే, ఇలాగే?"

"మ్యాచ్ ఎప్పుడో అయిపోయింది. చీకటి పడ్డాక వెళ్తే వాళ్ళ నాన్న తలుపు తియ్యడు. ఇంటికి పదండి."

పికప్‌లో హీటరు పెంచాడు. రో చేతులు వెచ్చబడ్డాక, మామూలు గొంతుతో అడిగింది.

"ప్లేట్లు పోయినట్టేనా?"

"ఆఁ."

"బర్నీ నుంచి తెప్పించాలంటే ఎన్నాళ్ళు పడుతుంది? వచ్చే ఆదివారం నాది కాకపోయినా వెళ్ళి బ్రయనీకి మొహం చూపించాలి."

మెర్వ్ రోడ్డు వంకే చూస్తున్నాడు. నాలుగు రోజులనో, వారమనో అంటే అయిపోయేది. ఆమె నమ్మేది.

"తెప్పించక్కర్లేదు. నా షెడ్డులో ఉన్నాయి."

"అదృష్టమే. ఎప్పుడు తెచ్చారు?"

"ఆయిల్ తెచ్చిన రోజే."

ఆమె తల అతని వైపు తిరగడం తెలిసింది. అద్దం మీద పుల్లలు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.

"మరి వెయ్యలేదేం?"

"వేస్తే బాగైపోతుంది."

"బాగైపోతే?"

"నువ్వు రావు."

రో మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. అరిస్తే బాగుండునని మెర్వ్‌కి అనిపించింది. గనిలో అరుపులకి అలవాటుపడ్డవాడు, వాటిని కాచుకోగలడు. ఇలా తిప్పుకున్న మొహంతో ఏం చెయ్యాలో తెలియలేదు.

"నిన్న మీకు తెలుసు," అంది చివరికి. "‘వెళ్ళొచ్చు’ అన్నప్పుడు తెలుసు."

"పూర్తిగా పోతుందనుకోలేదు. ఇంకో వారం ఆగుతుందనుకున్నా."

"నా బిడ్డ ఇవాళ గేటు దగ్గర నిలబడి ఉంటుంది. ఆటకి పిలిచినా వెనక్కి వెనక్కి చూస్తూ ఉంటుంది. నాకు తెలుసు దాని సంగతి." హెల్మెట్ కాళ్ళ దగ్గర పడేసింది. "ఒక్కమాట అడిగితే పోయేదిగా? ‘రో, శనివారం టీకి రా’ అంటే నేను రానన్నానా?"

"నాకు అడగడం చేతకాదు."

"ఈ వయసులో నేర్చుకోండి మరి. నా కూతురి ఆదివారాలు పణంగా పెట్టి కాదు."

క్వీన్స్‌టౌన్ దగ్గర పడగానే ఆమె ఫోన్‌కి ప్రాణం వచ్చి వరసగా టింగుటింగుమంది. పికప్ ఆపమని, వానలోనే దిగి, అవతలికి తిరిగి నిలబడి మాట్లాడింది. మెర్వ్‌కి మాటలు వినబడలేదు. ఆమె వీపు మాత్రం కనబడింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకచోట ఆ వీపు వంగిపోయింది. అతను చూపు తిప్పుకున్నాడు. ఆమె మళ్ళీ పికప్ ఎక్కలేదు. కిటికీ దగ్గరికొచ్చి, కోటు విప్పి సీటు మీద పెట్టి, "అయ్యాక హోటల్‌కి తెచ్చివ్వండి" అని నడిచి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున్నే మెర్వ్ ఇంజన్ పక్క మూత విప్పాడు. ప్లేట్లు మాడి నల్లబడ్డాయి. మధ్యలో ఉండే ఇనుప పలకలు నీలంగా మారాయి. కొత్త ప్లేట్లని ఆయిల్లో నానబెట్టి, ఒక్కొక్కటే లోపలికి జొనిపాడు. పెట్టెలో వాటితో వచ్చిన స్ప్రింగులు కూడా మార్చాడు. ఆయిల్ కారకుండా మూత కింద కొత్త గాస్కెట్ వేశాడు. మధ్యాహ్నానికి పని తెమిలింది. బెస్విక్ చెప్పినట్టు సగం రోజే. మోకాళ్ళు నొప్పెడుతున్నా ఊరి బయటి ఎత్తుకి వెళ్ళి, గట్టిగా తిప్పి చూశాడు. బండి కొండని పట్టుకుని జర్రున ఎక్కేసింది. పై దాకా వెళ్ళి ఆగాడు. సంతోషం కలగలేదు.

ట్రాలీ మీద వేసుకుని క్వీన్స్‌టౌన్ వెళ్ళి, హోటల్ వెనక తలుపు తట్టాడు. రో చేతికి పిండి అంటుకుని ఉంది. తాళం తీసుకుంది.

"పట్టిందా?"

"పట్టింది. ఆయిల్ మార్చేటప్పుడు డబ్బా మీద బైకు బొమ్మ ఉందో లేదో చూసుకో."

"చూస్తా. పనికి ఎంతయింది?"

"ఏమీ వద్దు."

"సరే," అంది. లోపల ఎవరో ఆమె పేరు పెట్టి కేకేశారు. తలుపు మూసుకుంది.

శనివారం వచ్చింది, ఆమె రాలేదు. వస్తుందని మెర్వ్ అనుకోలేదు, అయినా షెడ్డులో కుర్చీ తియ్యలేదు. ఆ తర్వాతి శనివారం తీసేసి ఇంట్లో పెట్టాడు. పెట్రోలు బంకు దగ్గర దుంగల లారీ డ్రైవర్ ఒకడు గుర్తుపట్టి పలకరించాడు. "మీ పాత బండిని చూశా పాస్కో. యారోస్మిత్ ఎత్తులో నన్నే దాటి పోయింది, ఎర్ర జాకెట్ ఆమె. దెయ్యం తరుముతున్నట్టు నడుపుతోంది." ఆ మాట విన్న రోజు మెర్వ్‌కి కాస్త నిద్ర పట్టింది.

వసంతం పేరుకే వచ్చింది, వాన మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇంట్లో రేడియో మోగుతూనే ఉండేది. అందులో ఎవరైనా ప్రశ్న అడిగితే మెర్వ్ జవాబు చెప్పేవాడు. ఒక రోజు తను అలా పైకి మాట్లాడుతున్నట్టు తనకే వినబడింది. రేడియో కట్టేశాడు. అది శనివారమే. లేచి గడ్డం గీసుకుని, పికప్ తీసుకుని క్వీన్స్‌టౌన్ వెళ్ళాడు.

హోటల్లో భోజనాల గోలగా ఉంది. గోడ వారన ఒక్కడికి సరిపడే బల్ల దగ్గర కూర్చున్నాడు. వడ్డించే పిల్ల ఏం కావాలని అడిగితే, వంటగదిలో రోని ఒక్కసారి పిలవమన్నాడు. ఆ పిల్ల వెళ్ళాక లేచి పోదామా అనుకున్నాడు. టోపీ చేతిలోకి కూడా తీసుకున్నాడు.

రో ఏప్రన్‌తో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అతన్ని చూసి ఆగింది.

"బండి బాగానే ఉంది," అంది.

"బండి కోసం రాలేదు." మెర్వ్ టోపీ అంచు నలిపేస్తున్నాడు. "ఊరికే వచ్చా. ఇంట్లో ఒక్కణ్ణే ఉండలేకపోతున్నా. నీకు తీరిక ఉంటే కాసేపు కూర్చుంటావేమోనని. లేకపోతే లేదు."

చెప్పడం అయిపోయాక ఊపిరి తీసుకున్నాడు. పక్క బల్ల వాళ్ళు విన్నారేమో, అతనికి పట్టలేదు.

రో మొహంలో ఏమీ మారలేదు. "ఆ ఆదివారం నేను మర్చిపోలేదు."

"తెలుసు."

"బ్రయనీ కూడా మర్చిపోలేదు. ఇప్పటికీ బయల్దేరే ముందు రెండుసార్లు ఫోన్ చేసి, నిజంగా వస్తున్నావా అంటుంది."

మెర్వ్ తల ఊపాడు.

"వంట రెండింటికి ఆపేస్తాం. అందాకా కూర్చోండి," అని లోపలికి వెళ్ళింది.

కూర్చున్నాడు. జనం తిని వెళ్ళిపోయారు, బల్లలు ఖాళీ అయ్యాయి. వడ్డించే పిల్ల కుర్చీలు బల్లల మీదికి ఎత్తేస్తూ అతని బల్ల ఒక్కటీ వదిలేసింది. రో రెండు పళ్ళాలు తెచ్చి ఒకటి అతని ముందు పెట్టింది. కాల్చిన మాంసం, గుమ్మడికాయ, ఉడికిన బఠాణీలు. ఎదురుగా కూర్చుని బూట్లు విప్పేసి, పాదాలు నేల మీద ఆనించి కళ్ళు మూసుకుంది. ఇద్దరూ తినడం మొదలెట్టారు. మధ్యలో ఒకసారి, బఠాణీల్లో ఉప్పు తక్కువైందా అని ఆమె అడిగింది. తక్కువే అన్నాడు. యజమానికి చెప్పండి ఆ మాట, అంది. అప్పుడు కొంచెం నవ్వింది. ఇదివరకటి నవ్వు కాదు.

అరగంట అయ్యాక లేచి పళ్ళాలు తీసింది. "సాయంత్రం వంటకి కూరలు తరగాలి."

"నేను బయల్దేరతా."

"వచ్చే శనివారం నేనుండను. ఆదివారం దాకా ఆగకుండా ముందు రోజే బ్రయనీ దగ్గరికి పోతున్నా." పళ్ళాలు చేతుల్లో పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. "ఆ పై శనివారం ఉంటా. రావాలనుకుంటే రండి. రెండు దాటాకే."

మెర్వ్ బయటికొచ్చి పికప్ ఎక్కాడు. కొండ దిగి జీహాన్ చేరేసరికి మబ్బు చీకటికి అప్పుడే వీధి దీపాలు వెలిగాయి. ఇల్లు చల్లగా ఉంది. పొయ్యి రాజేసి, దాని ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బయట వాన రేకుల మీద పడుతోంది. ముందు ఈ వారం గడవాలి, తర్వాత ఆమె లేని శనివారం గడవాలి, ఆ పై శనివారం వెళ్ళొచ్చు.